మా వీధికి ఎవరొస్తున్నారు?

పట్టణాలలో రోడ్లు వేయడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న విషయాన్ని విశ్వవిద్యాలయాలలో ఆర్థికశాస్త్రం కింద బోధిస్తారు. ఉత్తర తెలంగాణలో ఇరవై ఏళ్లుగా క్రమం తప్పకుండా ఇంటిపన్ను కడుతున్న వ్యక్తిగా నా వినయపూర్వకమైన అభిప్రాయం ఏమిటంటే, ఆ పాఠాన్ని అతిథి మర్యాదల శాఖకు మార్చాలి. ఎవరో ఒకరు వస్తున్నారని కబురు అందినప్పుడు రోడ్డు పడుతుంది. అక్కడే ఉంటున్నవాళ్ల కోసం పడదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మన ఇళ్లలో కూడా బీరువాలోని కొత్త దుప్పటి చుట్టాలు వచ్చిన రోజే కదా బయటికి వస్తుంది.

మా ఊరి పేరు చెప్పను. చెబితే మా ఊరివాళ్లు నొచ్చుకుంటారు; చెప్పకపోతే మంచిర్యాల నుంచి మానుకోట దాకా చదివిన ప్రతివాళ్లూ ఇది తమ ఊరేనని అనుకుంటారు. జిల్లాలు ఇన్ని ముక్కలైన కాలంలో ఆ మాత్రం ఐకమత్యం మంచిదే. మా ఇంటి ముందు ఒక గుంత ఉంది. మొదట నల్లా పైపు కోసం సీసీ రోడ్డును పగలగొట్టారు, పూడ్చిన మట్టి ఒక్క వానకు కుంగింది, ఆ మీదట ట్రాక్టరు మొరం పోశారు, రెండో వానకు ఆ మొరం కాలువలోకి, కాలువలోని నీళ్లు రోడ్డు మీదికి చేరి పరస్పరం స్థలాలు మార్చుకున్నాయి. ఇప్పుడది మూడడుగుల వెడల్పున, మోకాటి కింది దాకా లోతున స్థిరపడింది. రాత్రిపూట బండ్ల మీద వచ్చేవాళ్లకు ఆనవాలుగా ఎదురింటి కాక అందులో ఒక ఇనుపచువ్వ పాతి, దానికి ఇంట్లోని పాత ఎర్రచీర ముక్క కట్టాడు. చువ్వా, చీరా ఆయన సొంత ఖర్చు. ప్రజల భాగస్వామ్యంతో మా వార్డు రవాణా వసతుల మీద జరిగిన పెట్టుబడి ఇప్పటికి అదొక్కటే.

రాజ్యాంగం మీద నాకు అపారమైన గౌరవం. 74వ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి, అందులో నాలుగోది రోడ్లు, వంతెనలు. పనుల జాబితా అంత వివరంగా రాసినవాళ్లు పన్నుల జాబితా దగ్గరికి వచ్చేసరికి కలం పక్కన పెట్టి, ఆ సంగతి రాష్ట్ర శాసనసభలు చూసుకుంటాయని వదిలేశారు. శాసనసభలు చూసుకున్నాయి. బాగానే చూసుకున్నాయి.

ఎలా చూసుకున్నాయో తెలియాలంటే ఒక స్కూటరును వెంబడిస్తే చాలు. షోరూములోనే జీవితకాల పన్ను కడతాం, అది రాష్ట్రానికి పోతుంది. బంకులో పెట్రోలు పోయించుకుంటాం. దాని మీద తెలంగాణ వేసే వ్యాట్ 35.20 శాతం రాష్ట్రానికి, ఎక్సైజు సుంకమూ సెస్సులూ కేంద్రానికి. ఆ స్కూటరు మీద పోయి ఉద్యోగం చేసి జీతం తెచ్చుకుంటే వృత్తిపన్ను, అదీ రాష్ట్రానికే. ఆదివారం నాడు అదే స్కూటరు మీద సినిమాకు పోతే ఒకప్పటి వినోదపు పన్ను 2017 జూలైలో జీఎస్టీ కడుపులోకి వెళ్లిపోయింది. ఇక ఆ స్కూటరు చక్రం వాస్తవంగా దేని మీద తిరుగుతున్నదో ఆ వీధి, ఆ వీధిలోని గుంత, ఆ గుంతలోని నీళ్లు, ఇవి మాత్రం ఏ వివాదానికీ తావు లేకుండా మునిసిపాలిటీ సొత్తు. అన్నదమ్ముల పంపకాలలో పొలం పెద్దవాడికి, ఇల్లు నడిపివాడికి, ముసలి ఎద్దు చిన్నవాడికి వచ్చినట్టు.

అలాగని చిన్నవాడికి ఏమీ ఇవ్వలేదని అనకూడదు. స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నప్పుడు మనం కట్టే ఏడున్నర శాతంలో ఒకటిన్నర శాతం బదిలీ సుంకం, అది స్థానిక సంస్థ వాటా. రిజిస్ట్రారు ఆఫీసులో వసూలై, రాష్ట్ర ఖజానా గుండా ప్రయాణించి మునిసిపాలిటీ ఖాతాకు చేరవలసిన ఆ సొమ్ము కోసం కమిషనర్లు, బతుకమ్మ పండుగకు రావలసిన బిడ్డ కోసం ఎదురుచూసే తల్లుల్లాగా, ఇవాళ రేపు అనుకుంటూ దర్వాజ దగ్గర నిలబడి ఉంటారు.

మిగిలింది ఇంటిపన్ను. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన పట్టణాల ఆర్థిక వ్యవస్థలోని అసలు మేధస్సు ఇక్కడే ఉంది. ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం పన్ను కట్టేసినవాడికి ప్రభుత్వం ఐదు శాతం రాయితీ ఇస్తుంది. నేను ప్రతి ఏటా ఆ రాయితీ పొందేవాడిని, ఆ రశీదును పది మందికీ చూపించేవాడిని కూడా. కట్టనివాడికి బకాయి మీద నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ 2020 నుంచి అడపాదడపా వన్ టైమ్ పథకం అనేది ఒకటి వస్తూ ఉంది; పేరుకు ఒక్కసారే అయినా 2022లోనూ, 2024 మార్చిలోనూ, 2025 మార్చిలోనూ వచ్చింది. అసలు కట్టేస్తే వడ్డీలో 90 శాతం మాఫీ.

మొన్నటి మార్చి చివరలో మా వీధికి వచ్చిన బిల్ కలెక్టర్ నన్ను చూసి, "సార్, మీది ఏప్రిల్లనే అయిపోయింది గద" అన్నాడు. ఆ గొంతులో గౌరవం కన్నా జాలి ఎక్కువ వినిపించింది. తన బండిని గుంతకు అవతలే ఆపి, గోడ వారగా ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ నడిచి, ఎదురింటి కాక అరుగు దగ్గరికి చేరాడు. కాకది ఏడేళ్ల బకాయి.

"ఏం తమ్మీ, ఈసారి ఎంత మాఫీ?"

"వడ్డీల తొంబై శాతం, కాకా. నెలాఖరు దాకనే."

"గంతేనా? అసలుల ఏం తియ్యరా?"

"అసలుల ఎట్ల తీస్తరే? కట్టున్రి కాకా, మాకు టార్గెట్ ఉన్నది."

"జర ఆగుదాం తియ్యి. ఎలక్షన్ రాకపోతదా."

నేను ఇంట్లోకి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. నెలకు రెండు శాతం అంటే ఏడాదికి 24. అందులో 90 శాతం పోతే మిగిలేది ఏడాదికి 2.4 శాతం. అంటే కాక మునిసిపాలిటీ సొమ్మును రెండున్నర శాతం లోపు వడ్డీకి ఏడేళ్లు వాడుకున్నాడు, ఆ సొమ్మును బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేసి ఉంటే దానికి రెట్టింపు దాటి వచ్చేది. నేను ఏప్రిల్‌లోనే కట్టి ఐదు శాతం సంపాదించి మురిసిపోయాను. ఇదే కాలంలో మరో పక్క చూడండి: హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఫ్లైఓవర్ల కోసం 2018 ఫిబ్రవరిలో బాండ్లు అమ్మి 200 కోట్లు తెచ్చింది, దానికి ఇచ్చే వడ్డీ 8.9 శాతం. ఆ తరువాతి విడతలలో అది 9.38కి, 10.23కి పెరిగింది. బయట పది శాతానికి అప్పు తెచ్చి, లోపల కట్టనివాళ్లకు రెండున్నరకు అప్పు ఇచ్చే సంస్థను మా బజారులో ఏ చిట్‌ఫండ్ గుమాస్తాకు చూపించినా రెండు చేతులెత్తి దండం పెడతాడు. కాక కపటం తెలియని మనిషే. గుంతలో చీర కట్టినవాడూ ఆయనే కదా. తన డబ్బు కళ్ల ముందు పని చేస్తుంటే ఖర్చు పెడతాడు, అంతే.

సొంత వసూళ్లు ఇలా ఉంటే పై నుంచి వచ్చేవాటికి ఆశపడక తప్పదు. కేంద్రం డబ్బును రాష్ట్రాలకూ, స్థానిక సంస్థలకూ ఎలా పంచాలో చెప్పే పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణాలను రెండు పంక్తులలో కూర్చోబెట్టింది. పది లక్షల జనాభా దాటిన మహానగరాలు ఒక పంక్తి, మన రాష్ట్రంలో అందులో హైదరాబాదు ఒక్కటే. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ మొదలుకొని మా ఊరి దాకా అందరం రెండో పంక్తి. మా విస్తట్లో పడేదానిలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి మాత్రమే ఖర్చు చేయాలంది, రోడ్డు అన్నది మిగతా 40 శాతంలోనే ఎక్కడో చోటు వెతుక్కోవాలంది. అదీ 2011 జనాభా లెక్క ప్రకారం. 2011 తరువాత పుట్టినవాళ్లూ, పల్లెల నుంచి వచ్చినవాళ్లూ మా రోడ్డు మీద లెక్కలోకి రాకుండా నడుస్తున్నారు. గుంతలో పడ్డప్పుడు మాత్రం లెక్కలోకి వస్తున్నారు.

ఇక మ్యాచింగ్ గ్రాంటు అనే పదార్థం ఉంది. నీ పళ్లెంలో అన్నం ఉంటేనే నేను కూర వేస్తానని చెప్పే వడ్డనకారుడిని ఊహించుకోండి. వరంగల్ నగరం 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో చోటు దక్కక, మే నెలలో ఫాస్ట్ ట్రాక్ పోటీలో మరో పన్నెండు నగరాలతో కలిసి గట్టెక్కింది. కేంద్రం ఐదేళ్లలో 500 కోట్ల దాకా ఇస్తుంది, అంత మొత్తాన్నీ రాష్ట్రమూ, నగరమూ కలిసి జత చేయాలి. పనుల కోసం కార్పొరేషన్ ఉండగానే పక్కన మరో కంపెనీ పెట్టారు, ఇంటి కోడలికి వంట చేతకాదని వంటమనిషిని పెట్టినట్టు. ఐదేళ్ల పథకం గడువు మీద గడువు పొడిగించుకుంటూ 2025 మార్చి 31న ముగిసింది. ఇంత జరిగేలోపు, కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా దాదాపు పదిహేను కిలోమీటర్లు రబ్బరు చక్రాల మెట్రో నియో నడుపుతామని వెయ్యి కోట్లకు అటూ ఇటూగా ఒక నివేదిక కూడా తయారైంది. నివేదికకు కంకర అక్కరలేదు కనుక అది సకాలంలో పూర్తయింది. కాజీపేట ఫాతిమానగర్ దగ్గరి రెండో రైలు వంతెన అలా కాదు, దానికి కంకర కావాలి. పైగా పట్టాల మీది ముక్క రైల్వేది, రెండు పక్కల దిగే ముక్కలు రాష్ట్రానివి. ఇద్దరూ ఒకే ఏడాది డబ్బున్నవాళ్లు కావడానికి జాతకాలు కలవాలి.

మా వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి అబ్బాయి అమెరికాలో డాలస్ పక్కన ఉంటాడు. అక్కడ రోడ్లకు డబ్బు ఎలా వస్తుందని ఫోనులో అడిగితే నమ్మశక్యం కాని సంగతులు చెప్పాడు. 2024 మే నెలలో డాలస్ నగరం 125 కోట్ల డాలర్ల అప్పు తేవాలనుకున్నదట. ఆ అప్పును పది ప్రతిపాదనలుగా విడగొట్టి, ఒక్కొక్కటీ బ్యాలెట్ మీద పెట్టి, ఇది తేవాలా వద్దా అని ఓటర్లనే అడిగారట. మొదటిది వీధులు, రవాణా, అదొక్కటే 52 కోట్ల డాలర్ల పైన. జనం అన్నింటికీ సరేనన్నారట. బస్సులకూ రైళ్లకూ అయితే ఆ చుట్టుపక్కల ఊళ్లు తాము కొనే ప్రతి డాలరు సరుకు మీద ఒక సెంటు 1980ల నుంచీ ఇచ్చుకుంటున్నాయట. ఇంత చెప్పి ఆ అబ్బాయి, తనకు మాత్రం వీసా కారణంగా ఓటు లేదనీ, ఇంటిపన్ను మాత్రం లక్షల్లో కడుతున్నాననీ వాపోయాడు. హెడ్‌మాస్టరు గారు ఫోను పెట్టేసి చాలాసేపు మౌనంగా ఉండి, "అడిగితే ఇస్తరా ఎవరన్న? అడగకుండ ఉంటేనే మర్యాద" అన్నారు. ఆయన ఎకనామిక్స్ ఎమ్మే.

మన దగ్గర అడిగే పద్ధతి లేకపోయినా వచ్చే పద్ధతి ఉంది. నేను మొదటనే మనవి చేసిన అతిథి సూత్రం ఇక్కడ పూర్తిగా పని చేస్తుంది. హన్మకొండ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం పోయే దారిని చూడండి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క, సారలమ్మ గద్దెల మీదికి వస్తారు, వాళ్ల కోసం కోటికి పైగా జనం వస్తారు, ఆ జనం కోసం నెలల ముందే కోట్లు మంజూరవుతాయి. ఏ మ్యాచింగ్ గ్రాంటూ అడగరు, ఏ ఆర్థిక సంఘమూ షరతు పెట్టదు, 2011 లెక్కలూ తీయరు. భక్తులు నిలువెత్తు బెల్లం తూకం వేసి బంగారమని సమర్పిస్తే, ఆ దారికి తారు ప్రసాదంగా దక్కుతుంది. గోదావరి తల్లి పన్నెండేళ్లకోసారి బాసర, ధర్మపురి, కాళేశ్వరం రోడ్లను కరుణిస్తుంది. 2015లో ఒకసారి అయింది, మళ్లీ 2027లో. మధ్యలో అంతర్వాహినిగా ఉన్న సరస్వతి కూడా 2025 మేలో కాళేశ్వరం దారిని పట్టించుకుంది. కంటికి కనిపించని నది పేరు మీద కంటికి కనిపించే రోడ్డు పడ్డదంటే, ఏ బాండ్ల మార్కెటు దానికి సాటి? ముఖ్యమంత్రుల పర్యటనలను కూడా ఈ ఖాతాలోనే వేయవచ్చు గానీ, వాళ్ల రాకకు పంచాంగం లేదు, పైగా ఈ మధ్య హెలికాప్టర్లలో వస్తున్నారు.

ఈ సూత్రం అర్థమైన రోజున మా వీధి పెద్దలం కూర్చుని మాకూ ఒక దేవత ఉన్నదని గుర్తు చేసుకున్నాం. గల్లీ చివర వేపచెట్టు కింద పోచమ్మ ఉంది, శ్రావణంలో బోనాలు పోతాయి. ఆ తల్లి పేరు మీద దరఖాస్తు పెడదామన్నారు. పెట్టాం కూడా. కానీ ఆమె ఎక్కడి నుంచో వచ్చే దేవత కాదు, ఏడాదంతా మా గల్లీలోనే కాపురం. మా లాగే స్థానికురాలు. బోనం ఎత్తుకున్న ఆడవాళ్లు ఈ ఏడు కూడా చీరముక్క చూసుకుని పక్కకు తిరిగి పోయారు.

కాకతీయులు ఇదే నేల మీద చెరువులు తవ్వించినప్పుడు దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టి దాన్ని బాగు చేస్తూ వచ్చినవాడికి దాని కింది భూమిలో కొంత మాన్యంగా దక్కేది. చెరువు తెగితే వాడి పంటే ఎండేది. ఇప్పుడు హ్యామ్ అనే ఇంగ్లిషు పేరుతో, కట్టేటప్పుడు 40 శాతం ఇచ్చి మిగతాది ఏళ్ల తరబడి వాయిదాలలో ఇస్తామని రహదారులకు అలాంటిదే తెస్తున్నారు. మా వీధుల దాకా అది రాదు. మా వీధుల కాంట్రాక్టర్లకు పాత బిల్లులే వాయిదాలలో వస్తున్నాయి, కాబట్టి ఒక రకంగా వాళ్లు ఆ పద్ధతిని ముందే అమలు చేస్తున్నారు.

ఇక నా ప్రతిపాదన. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించడానికి 2020లో ఎల్‌ఆర్‌ఎస్ పెడితే పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, ఒక్కొక్క ప్లాటుకు వెయ్యి రూపాయల రుసుముతో. రోడ్డు లేదు, కాలువ లేదు, పార్కు లేదు అన్న లోపాన్నే ఆదాయ వనరుగా మార్చిన ఆ ప్రజ్ఞను గుంతల దాకా విస్తరించాలి. 2020 ఆగస్టు 26కు ముందు నుంచి ఉన్నట్టు రుజువు చూపగల ప్రతి గుంతనూ క్రమబద్ధీకరించవచ్చు. మా గుంతకు చీరముక్కే సాక్ష్యం, దాని రంగు చూసి వయసు చెప్పవచ్చు. ఖాళీ స్థలం వదలనందుకు ఎల్‌ఆర్‌ఎస్‌లో ప్లాటు విలువపై 14 శాతం కట్టాలి, గుంత మొత్తం ఖాళీ స్థలమే గనుక దీనికి మినహాయింపు ఇవ్వాలి. 2019 నాటి మునిసిపల్ చట్టం బడ్జెట్లో పది శాతం పచ్చదనానికి ఖర్చు చేయమంటుంది. వానాకాలం మా గుంత చుట్టూ తుంగ, గరిక ఏపుగా పెరుగుతాయి, ఆ పద్దు కింద దీన్ని చూపించుకోవచ్చు. గుంత వల్ల లాభం పొందుతున్న పంక్చరు దుకాణాల నుంచీ, షాక్ అబ్జార్బర్లు మార్చే మెకానిక్కుల నుంచీ, నడుము నొప్పి డాక్టర్ల నుంచీ ఇంపాక్టు ఫీజు వసూలు చేయాలి. గడువులోగా దరఖాస్తు చేసుకోని గుంతలను నిర్దాక్షిణ్యంగా పూడ్చివేస్తామని హెచ్చరించాలి. ఈ చివరి నిబంధన అమలవుతుందన్న భయంతోనే జనం ముందుకు వస్తారని నేను అనుకోను గానీ, చట్టం అన్నాక కొంత కఠినత్వం ఉండాలి.

ఈ ప్రతిపాదనను శుద్ధప్రతి రాస్తుండగా, బతుకమ్మ పండుగకు పది రోజుల ముందు, ఇద్దరు కుర్రాళ్లు టేపు పట్టుకుని మా వీధిలోకి వచ్చారు. ఒకడు గుంతకు ఈ పక్క, ఇంకొకడు ఆ పక్క నిలబడి కొలిచారు. ఐదు నిమిషాలలో వీధి మొత్తం బయటికి వచ్చింది. హెడ్‌మాస్టరు గారు కుర్చీలు వేయించారు, కాక ఇంట్లోంచి చాయ్ వచ్చింది. పుష్కరాల ట్రాఫిక్కును ఇటు మళ్లిస్తారని ఒకరు, ఎవరో మంత్రి గారి వియ్యంకుల ఇల్లు ఈ దిక్కునే ఉందని ఇంకొకరు. ఎవరొస్తున్నారు బాబూ అని నేనే అడిగాను. "మాకేం తెల్వది సార్, కొలవమన్నరు, కొలుస్తున్నం" అని చెప్పి, చాయ్ తాగి, మా గేటు స్తంభం మీద ఎర్ర పెయింటుతో 14 అని రాసి, కింద ఒక బాణం గుర్తు గీసి వెళ్లిపోయారు. అది రోడ్డుకో, మళ్లీ తవ్వబోయే డ్రైనేజీ పైపుకో ఇప్పటిదాకా తేలలేదు. దసరాకు ఇంటికి రంగులు వేయించినప్పుడు, ఆ అంకె చుట్టూ జానెడు మేర వదిలేయమని పెయింటరుకు చెప్పాను.